పక్షవాతం తర్వాత నిలకడ: ఇంటి నుంచే వ్యాయామ చికిత్స ఎంతవరకు?

పక్షవాతం నుంచి తేరుకుంటున్న మనిషిలో ఇంటివాళ్ల కంట ముందు పడేది చెయ్యి. గ్లాసు పట్టుకోలేకపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం అందరికీ కనిపిస్తాయి. నిలకడ తప్పడం అంత త్వరగా తెలియదు. మంచం మీద కూర్చున్నంతసేపూ మనిషి బాగానే ఉంటాడు. లేచి నాలుగడుగులు వేశాక, వెనక ఎవరో పిలిస్తే తల తిప్పుతాడు, అప్పుడు తూలుతాడు. ఇంగ్లండ్‌లో 108 మంది రోగులను పరిశీలించి 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన ఆరు నెలల్లో 73 శాతం మంది కనీసం ఒకసారి కింద పడ్డారని తేలింది. ఆస్పత్రిలో కాపాడిన మనిషి ఇంట్లో పడుతున్నాడన్నమాట. ఆ పడటంలో తుంటి ఎముక విరిగితే మళ్లీ మంచమే గతి. విరిగేది కూడా చాలావరకు బలం తగ్గిన వైపే.

ఈ సమస్యకు మందు లేదు, వ్యాయామమే చికిత్స. ఆ వ్యాయామాన్ని రోగి ఇంట్లోనే ఉండి చేస్తుంటే, ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లోనో, ఫోన్‌లోనో, సెన్సర్లు పంపే అంకెలను చూసో దూరం నుంచి నడిపించడాన్ని టెలిరిహాబిలిటేషన్ అంటున్నారు. ఇరవై ఏళ్లుగా దీని మీద ప్రయోగాలు జరుగుతున్నా, అది క్లినిక్‌లో జరిగే చికిత్సకు సాటి వస్తుందా అన్న ప్రశ్నకు రకరకాల జవాబులు వినిపిస్తున్నాయి. ప్రశ్నను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వేయడం అందుకు ఒక కారణం.

నిలకడ ఎలా తప్పుతుంది

నిటారుగా నిలబడ్డ మనిషి శరీరం కూడా క్షణక్షణం కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచీ కీళ్ల నుంచీ వచ్చే స్పర్శ ఈ మూడూ ఆ ఊగడాన్ని మెదడుకు తెలియజేస్తాయి. చిన్న తూలును చీలమండ సరిచేస్తుంది. కాస్త పెద్దదైతే నడుము వంగి సరిచేస్తుంది. అదీ చాలనప్పుడు మనిషి చటుక్కున ఒక అడుగు వేసి తమాయించుకుంటాడు. పక్షవాతం ఈ గొలుసులో ఏ లంకెనైనా తెంపగలదు. కొందరిలో కాలి బలం పోతుంది, కొందరిలో బలం ఉన్నా పాదం ఎక్కడుందో తెలియదు. ఇంకొందరిలో కండరం కదులుతుంది గానీ, కదలాల్సిన క్షణం దాటాక కదులుతుంది. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారిలో కొందరు ఎడమ వైపు ప్రపంచాన్నే పట్టించుకోరు. మరికొందరు మంచి చేత్తో నెట్టుకుంటూ బలహీనమైన వైపే ఒరిగిపోతారు, సరిచేయబోతే ఎదురు తిరుగుతారు.

కుర్చీలోంచి లేవడాన్ని చూస్తే సంగతి అర్థమవుతుంది. పక్షవాతం వచ్చిన మనిషి తెలియకుండానే మంచి కాలును వెనక్కి లాక్కుని, బరువంతా దాని మీదే వేసి లేస్తాడు. బలహీనమైన కాలు ముందు చాపుకుని ఉత్త ఊతకోలలా ఉండిపోతుంది. రోజుకు ముప్పై సార్లు అలా లేచినా ఆ కాలికి పని తగలదు. ఆ పాదాన్ని మంచి పాదం కంటే బెత్తెడు వెనక్కి జరిపి లేవమంటే బరువు దాని మీద పడక తప్పదు. మనిషి వణుకుతాడు, భయపడతాడు, అక్కడే చికిత్స మొదలవుతుంది. నిలకడ పెరగాలంటే వ్యాయామం తూలే అంచు దాకా వెళ్లాలి. ఆ అంచుకు వెళ్లినప్పుడు పట్టుకునే చెయ్యి దగ్గరలో ఉండాలి. దూర చికిత్స మీద జరుగుతున్న వాదమంతా చివరికి ఈ రెండో వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

క్లినిక్ నుంచి ఇంటికి

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో లండన్‌లో బెర్టా, కారెల్ బొబాత్ దంపతులు రూపొందించిన పద్ధతిలో థెరపిస్టు చేతులే కీలకం. రోగి శరీరాన్ని తాకుతూ, దిద్దుతూ కదలికను రాబట్టాలి. 1980లలో ఆస్ట్రేలియాకు చెందిన జానెట్ కార్, రాబర్టా షెపర్డ్ మరో మాట చెప్పారు: లేవడం, నిలబడటం, అందుకోవడం వంటి పనులనే మళ్లీ మళ్లీ సాధన చేయించాలి, థెరపిస్టు శిక్షకుడిలా ఉండాలి. మొదటి పద్ధతిని దూరం నుంచి చేయడం కుదరదు, రెండోదానికి వీలుంది. వైద్య ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించే కొక్రేన్ సంస్థ 96 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్ష, ఏ ఒక్క పద్ధతీ మిగతావాటి కంటే మేలని చెప్పలేమనీ, వ్యాయామ చికిత్స మాత్రం పనిచేస్తుందనీ తేల్చింది. చేతితో తాకితేనే చికిత్స అన్న పట్టుదల అక్కడ సడలింది.

ఇంట్లో వ్యాయామం చేయించడం పనిచేస్తుందని అంతకుముందే రుజువైంది. న్యూజీలాండ్‌లో 1990లలో ఒటాగో వ్యాయామ క్రమం వచ్చింది. అది పక్షవాతం రోగుల కోసం కాదు, వయసు మళ్లినవారి కోసం. థెరపిస్టు కొన్నిసార్లు ఇంటికి వెళ్లి నేర్పి, మధ్యలో ఫోన్ చేసి కనుక్కునేవారు. పడటాలు గణనీయంగా తగ్గాయి. ఇంటర్నెట్ సామాన్యులకు చేరకముందే ల్యాండ్‌లైన్ ఫోన్‌తో దూర పర్యవేక్షణ పనిచేసిందన్న మాట.

అమెరికాలో లీప్స్ అనే ప్రయోగం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 408 మందిలో కొందరికి శరీర బరువును కొంత పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడక నేర్పారు. మిగతావారికి ఫిజియోథెరపిస్టే ఇంటికి వెళ్లి బలం, నిలకడ పెంచే వ్యాయామాలు చేయించారు. ఏడాది తర్వాత ట్రెడ్‌మిల్ వర్గాలు ఇంటి వ్యాయామ వర్గాన్ని మించలేదు. మొత్తం మీద 52 శాతం మందిలో నడక మెరుగైంది. ఖరీదైన యంత్రానికి ఇల్లు సాటి వచ్చిన ఈ ఫలితాన్ని దూర చికిత్స సమర్థకులు తరచు ఉదహరిస్తారు. అయితే అక్కడ ఇంటికి వెళ్లింది తెర కాదు, మనిషి. ఆ తేడాను వాళ్లు చాలాసార్లు దాటవేస్తారు.

వీడియో ద్వారా నిలకడ వ్యాయామాలు చేయించిన తొలి ప్రయత్నాల్లో 2004లో హాంకాంగ్ నుంచి వచ్చిన నివేదిక ఒకటి. ఎనిమిది వారాల కార్యక్రమం తర్వాత రోగుల నిలకడ మార్కులు పెరిగాయి. పోల్చి చూడటానికి వేరే వర్గం లేదు. పైగా వాళ్లు వ్యాయామం చేసింది ఇంట్లో కాదు, వృద్ధుల సామాజిక కేంద్రంలో పదిమందితో కలిసి. తర్వాత 2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ కెమెరా రావడంతో పరిశోధన ఆటల వైపు మళ్లింది. 2020లో కోవిడ్ వచ్చి క్లినిక్కులు మూతపడ్డాక, అప్పటిదాకా ప్రయోగంగా ఉన్నది ఒక్కసారిగా అవసరమైంది.

మూడు దారులు

నేడు దూర చికిత్స పేరుతో జరుగుతున్నవి నిజానికి మూడు వేర్వేరు పనులు. మొదటిది ప్రత్యక్ష వీడియో. నిర్ణీత సమయానికి థెరపిస్టు తెర మీదకు వచ్చి ప్రతి కదలికనూ చూసి దిద్దుతారు. రెండోది యంత్రం నడిపేది. కెమెరా లేదా నడుముకు కట్టిన సెన్సర్ రోగి కదలికను పట్టి ఆటగా మారుస్తుంది, మార్కులు వేస్తుంది, థెరపిస్టు వారానికొకసారి ఆ అంకెలు చూసి ఆట కష్టం పెంచుతారు. మూడోది కుటుంబం నడిపేది. ఇంటివాళ్లలో ఒకరికి శిక్షణ ఇచ్చి, ఫోన్‌లో వీడియోలు పెట్టి, అప్పుడప్పుడు మాట్లాడతారు.

మొదటిదానిలో దిద్దుబాటు మేలు, కానీ థెరపిస్టు సమయం క్లినిక్‌లో పట్టినంతా పడుతుంది. ఆదా అయ్యేది రోగి ప్రయాణమే. రెండోదానిలో సాధన సంఖ్య పెరుగుతుంది, విసుగు తగ్గుతుంది, అయితే పరికరం మీద ఆధారపడాలి. కైనెక్ట్ తయారీని 2017లో ఆపేశారు. దాని చుట్టూ ఏళ్ల తరబడి కట్టిన చికిత్సా క్రమాలకు కొత్త పరికరం వెతుక్కోవాల్సి వచ్చింది. మూడోది అన్నిటికంటే చవక, ఎక్కువమందికి అందుతుంది, నాణ్యత మాత్రం పూర్తిగా ఆ ఇంటిని బట్టే ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే పేరు కింద కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ ఒక్కదాని గురించీ నిజం చెప్పదు. చాలా సమీక్షలు చేస్తున్న పొరపాటు ఇదే.

ప్రయోగాలు చెప్పినది

నిలకడ మీదే దృష్టి పెట్టిన ప్రయోగాల్లో స్పెయిన్‌లోని వాలెన్సియా బృందం 2015లో ప్రచురించినది ఎక్కువగా ఉదహరిస్తారు. పక్షవాతం వచ్చి చాలాకాలమైన 30 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం క్లినిక్‌లో, మరొకటి ఇంట్లో, ఒకే కైనెక్ట్ ఆటతో 45 నిమిషాల చొప్పున 20 సార్లు అడుగులు వేసే సాధన చేశాయి. రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి, మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. క్లినిక్ వర్గానికి తలకు సుమారు 655 డాలర్లు ఎక్కువ ఖర్చయింది. తైవాన్‌లో 2014లో 24 మందితో చేసిన ప్రయోగంలో వృద్ధాశ్రమాల వంటి సంరక్షణ కేంద్రాల్లో ఉన్నవారికి ఒకే థెరపిస్టు దూరం నుంచి ఒకేసారి కొందరికి చేయించారు. అక్కడా దూర చికిత్స వర్గానిదీ మామూలు చికిత్స వర్గానిదీ ఒకే దారి. చైనాలో 54 మందితో 12 వారాలు ఇంట్లో జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. అదీ అదే చెప్పింది. ఆ చైనా ప్రయోగం సంరక్షకుల మీద పడే భారాన్ని కూడా కొలవడం విశేషం.

దూర చికిత్స మీద కొక్రేన్ సమీక్ష 2013లో 10 ప్రయోగాలతో మొదలై, 2020 నాటికి 22 ప్రయోగాలకు, 1,937 మందికి పెరిగింది. రోజువారీ పనుల్లో దూర చికిత్సకూ మామూలు చికిత్సకూ తేడా కనిపించలేదనీ, అయితే ఆధారాల నాణ్యత చాలా అంశాల్లో తక్కువనీ ఆ సమీక్ష తేల్చింది.

ఇక్కడే వాదం చిక్కుపడింది. ‘తేడా కనిపించలేదు’ అన్న మాటను ‘రెండూ సమానం’ అని చదివేవారు ఎక్కువ. ముప్పై మందితో చేసిన ప్రయోగంలో నిజంగా తేడా ఉన్నా దొరకకపోవచ్చు. వల కన్నులు పెద్దవైతే చేప లేదని చెప్పలేం. సమానమని చెప్పాలంటే ఎంత తేడా వస్తే తక్కువని ఒప్పుకుంటామో ముందే నిర్ణయించుకుని, అందుకు తగినంతమందిని చేర్చుకోవాలి. ఆ పద్ధతిలో పక్కాగా చేసిన ప్రయోగం అమెరికాలో 11 కేంద్రాల్లో 124 మందితో జరిగి 2019లో వెలువడింది. ఇంటి చికిత్స క్లినిక్ చికిత్సకు తీసిపోదని అది నిరూపించింది. కానీ అది చేతికి సంబంధించినది. చేతి వ్యాయామంలో తప్పు జరిగితే గ్లాసు జారిపడుతుంది, నిలకడ వ్యాయామంలో మనిషి పడతాడు. చెయ్యి విషయంలో రుజువైనదాన్ని కాలికి అప్పు తెచ్చుకోవడం కుదరదు.

పోలిక దేనితో అన్నది మరో చిక్కు. సంపన్న దేశాల ప్రయోగాల్లో ఎదురు వర్గానికి క్లినిక్ చికిత్స అందుతుంది. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఎదురుగా ఉన్నది ఏ చికిత్సా లేకపోవడం. క్లినిక్‌తో సాటి వస్తుందా, ఏమీ లేనిదాని కంటే మేలేనా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండోదానికి అవునని చెప్పడానికి కావలసిన ఆధారం మొదటిదానికి కావలసినంత ఉండనక్కర్లేదు.

కొలబద్ద ఇబ్బందులు

పైన చెప్పిన నిలకడ ప్రయోగాలు దాదాపు అన్నీ బెర్గ్ కొలమానాన్ని వాడాయి. కెనడాకు చెందిన కేథరిన్ బెర్గ్ 1989లో రూపొందించిన ఈ పరీక్షలో 14 పనులుంటాయి. ఆసరా లేకుండా కూర్చోవడం, లేవడం, కళ్లు మూసుకుని నిలబడటం, నేల మీది వస్తువు తీయడం, ఒక చుట్టు తిరగడం, పీట మీద పాదాలు మార్చి మార్చి పెట్టడం, ఒంటికాలి మీద నిలబడటం వంటివి. ఒక్కోదానికి 4 మార్కులు, మొత్తం 56. 45కు తగ్గితే పడే ముప్పని మొదట్లో ఒక గీత గీశారు గానీ, ఆ గీత అంత నమ్మకమైనది కాదని తర్వాత తేలింది. కొద్దిపాటి మార్కుల పెరుగుదల కొలతలో దొర్లే తేడా వల్ల కూడా రావచ్చు. నిజమైన మార్పనాలంటే రోగి దశను బట్టి సుమారు 5 నుంచి 7 మార్కులైనా పెరగాలి. బాగా కోలుకున్నవారికి త్వరలోనే పై అంచు తగులుతుంది. ఆ తర్వాత ఎంత మెరుగైనా అంకె కదలదు.

ఈ 14 పనుల్లో నేల మీంచి లేవడం లేదు. గడప దాటడం లేదు. బరువైన బిందె మోస్తూ నడవడం లేదు. కింద కూర్చుని భోంచేసే ఇళ్లలో, గొంతుకూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో 50 మార్కులు వచ్చిన మనిషి కూడా రోజూ ఉదయం పడే ప్రమాదం ఎదుర్కొంటూనే ఉంటాడు. ఇంటి నుంచి జరిగే చికిత్సకు ఇక్కడ క్లినిక్‌కు లేని వీలు ఉంది. థెరపిస్టుకు అసలు గడపే కనిపిస్తుంది, దాని మీదే సాధన చేయించవచ్చు. ఈ మేలును బెర్గ్ మార్కులు పట్టుకోలేవు కాబట్టి ప్రయోగాల లెక్కల్లోకి రాలేదు.

పక్కన నిలబడే మనిషి

క్లినిక్‌లో సమాంతర కడ్డీలుంటాయి, పైనుంచి వేలాడే పట్టీలుంటాయి. ఇంట్లో ఆ పని గది మూల చేస్తుంది. మూలకు వీపు పెట్టి, ముందు బరువైన కుర్చీ వేసుకుని నిలబడితే ఏ వైపు ఒరిగినా గోడో కుర్చీయో అందుతుంది. పాదాలు దగ్గర చేయడం, కళ్లు మూయడం, తల అటూ ఇటూ తిప్పడం, ఒక పాదం ముందు మరో పాదం పెట్టడం, ఇలా కష్టం పెంచుతూ పోవచ్చు. హవాయి చెప్పులు ఉండకూడదు. బలహీనమైన పాదంలోంచి చెప్పు జారినా రోగికి తెలియదు. చీర కుచ్చెళ్లు, లుంగీ అంచు కాలికి అడ్డం పడకుండా పైకి దోపుకోవాలి.

ఫోన్‌ను కిటికీ గట్టు మీద ఆనిస్తే సాధారణంగా తెరలో కనిపించేది తల నుంచి మోకాళ్ల దాకానే. థెరపిస్టుకు ముఖ్యంగా కావలసింది పాదాలు. రోగి బలహీనమైన కాలి మీద ఎంత బరువు వేస్తున్నాడో క్లినిక్‌లో చెయ్యి ఆనించి తెలుసుకోవచ్చు, తెర మీద తెలియదు. రెండు పాదాల కింద రెండు బరువు తూచే మెషీన్లు పెట్టి అంకెలు చదివి చెప్పమనడం దీనికి పాత చిట్కా, ఖర్చు తక్కువ.

వీటన్నిటికంటే ముఖ్యం పట్టుకునేవారు. బలహీనమైన వైపు, కాస్త వెనగ్గా నిలబడాలి. నడుముకు కట్టిన వెడల్పాటి పట్టీని పట్టుకోవాలి. చచ్చుబడిన చేతిని పట్టి లాగకూడదు, భుజం కీలు జారుతుంది. రోగి తూలగానే పట్టేసుకోకూడదు, తనంతట తాను సర్దుకునే క్షణం ఇవ్వాలి. ఈ ఆఖరి సంగతే నేర్చుకోవడం కష్టం. ప్రేమ ఉన్నవాళ్లు ముందే పట్టేస్తారు, అప్పుడు వ్యాయామం జరగనట్టే.

కుటుంబం మీద ఎంత భారం మోపవచ్చో చెప్పే పెద్ద ప్రయోగం భారతదేశంలోనే జరిగింది. అటెండ్ అనే ఈ ప్రయోగం 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో సాగి 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చిన వర్గంలోనూ ఇవ్వని వర్గంలోనూ ఆరు నెలలకు మరణించిన లేదా పరాధీనంగా మిగిలినవారు 47 శాతమే. నిలకడ దాని ప్రధాన లక్ష్యం కాకపోయినా, దాన్ని పక్కన పెట్టేయడం సరికాదు. ఒకసారి శిక్షణ ఇచ్చి ఇంటివాళ్లకు వదిలేయడం చాలదని దాని ఫలితం సూచిస్తోంది. ప్రతి వారం చూసి కష్టం పెంచే కన్ను ఉంటే ఫలితం మారేదా అన్నది దూర చికిత్స జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఇక్కడి స్థితి

భారతదేశంలో ఏటా లక్ష మందికి 105 నుంచి 152 మంది వరకు కొత్తగా పక్షవాతం బారిన పడుతున్నట్టు 2017 నాటి ఒక సమీక్ష లెక్కకట్టింది. ఫిజియోథెరపిస్టులు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నారు. పల్లె నుంచి వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లడమంటే ఆ ఇంట్లో ఇంకొకరి కూలీ కూడా పోతుంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌కు చెందిన పరిశోధకులు ‘కేర్ ఫర్ స్ట్రోక్’ పేరుతో స్మార్ట్‌ఫోన్‌లో చూసి నేర్చుకునే క్రమాన్ని తయారుచేసి చెన్నైలో పరీక్షించారు. అది ఆచరణ సాధ్యమని తేలింది. కేంద్ర ప్రభుత్వ దూర వైద్య వేదిక ఈ-సంజీవని వాడకంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరుసలో ఉంది, కానీ ఆ వేదిక ప్రధానంగా డాక్టర్ల సలహా కోసం. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా నమోదైన వైద్యుల కోసం రాసినవే. ఫిజియోథెరపీ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తుంది. ఫోన్, నెట్ ఊరూరా చేరాయి. వాటి మీదుగా ఫిజియోథెరపీని నడిపే ఏర్పాటు అంత దూరం రాలేదు.

తేలనివి

నిలకడ పెరిగితే పడటం తగ్గుతుందని అందరూ అనుకుంటారు. అది అంత నేరుగా రుజువు కాలేదు. 2019 నాటి కొక్రేన్ సమీక్ష ప్రకారం పక్షవాతం తర్వాత వ్యాయామం వల్ల పడే సార్లు తగ్గవచ్చు గానీ, పడేవారి సంఖ్య తగ్గినట్టు కనిపించలేదు, అదీ బలహీనమైన ఆధారంతోనే. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో 370 మందితో జరిగిన ఫాస్ట్ అనే ప్రయోగంలో పడటాలు సుమారు మూడింట ఒక వంతు తగ్గాయి. అందులో వ్యాయామంతో పాటు ఇంట్లోని ప్రమాదాలను సరిచేయడం, బయట తిరిగే అలవాటు చేయడం కలిపారు. థెరపిస్టులు ఇళ్లకు వెళ్లారు. ఆ మేలు తెర మీదుగా ఎంత చేరుతుందో చూడాల్సి ఉంది.

మాట పోయినవారు, ఒక వైపును పట్టించుకోనివారు, మతిమరుపు ఉన్నవారు చాలా ప్రయోగాల్లో చేరనేలేదు. సూచనలు అర్థం చేసుకోలేరని ముందే వేరుచేశారు. కాబట్టి ఇప్పటి ఫలితాలు ఆ కుటుంబాలకు వర్తించవు. ఒంటరిగా ఉండే వృద్ధుల సంగతీ అంతే.

ఉన్న ఆధారాలను ఎటూ లాగకుండా చదివితే కొంత చెప్పవచ్చు. ఆసరా లేకుండా కూర్చోలేని దశలో దూర చికిత్స తగదు. మొదటి పరీక్ష నేరుగానే జరగాలి. చికిత్స ఆగిపోయిన ఇంట్లో, పట్టుకునేవారికి పట్టు నేర్పి, వారానికి మూడుసార్లు తెర మీద చూస్తూ వ్యాయామం కష్టాన్ని పెంచుకుంటూ పోవడానికి ఇప్పుడున్న ఆధారం సరిపోతుంది. క్లినిక్కుకు వెళ్లగలిగిన మనిషిని ఖర్చు మిగులుతుందని తెరకు పరిమితం చేయడానికి మాత్రం అది చాలదు.